పాట జరిపే మనిషి

చక్రం తిరుగుతోంది, పాట కదలడం లేదు. వేలి కింద టిక్కు టిక్కుమంటూనే ఉంది, అంటే మౌస్‌లో ప్రాణం ఉన్నట్టే, తెర మీద బాణం గుర్తు నేను చెప్పినట్టే అటూ ఇటూ పోతోంది, నొక్కితే నొక్కుడు పడుతోంది, ఒక్క చక్రానికే ఏదో రోగం, పైకి తిప్పినా కిందికి తిప్పినా గోడ మీది పాట పల్లవి దగ్గరే పాతుకుపోయి నిలబడింది. నాలుగు దాటి ఐదు నిమిషాలు. ఐదింటికి కూడిక. శనివారం మా కంపెనీ ఒంటిపూట కాబట్టి అన్నం కూడా తినకుండా ఉప్పల్ వెళ్లి, మొహం కడుక్కుని, చీర మార్చుకుని, మళ్లీ షేర్ ఆటో ఎక్కి నాచారం వచ్చి పడ్డాను. చర్చి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, ఎనిమిదేళ్లుగా నా కొంగుకే ఉంటుంది. తలుపు తీసి, చాపలు పరిచి, ఫ్యాన్లు వేసి చూస్తే హాలంతా నాదే. పైన రేకులు కాగుతున్నాయి, వెనక గల్లీలోని పిండి గిర్నీలో ఎవరో కారం పట్టిస్తున్నారు, ఆ ఘాటుకు నాకు తుమ్ము వచ్చింది, తుమ్మితే హాలంతా తిరిగి తుమ్మింది. నేను, ఈ పాత లాప్‌టాప్, ఈ తీగలేని మౌస్. పోయిన క్రిస్మస్‌కు మా చర్చి కుర్రాడు క్రిస్టోఫరే కొన్నాడు దీన్ని, తీగ పిల్లల కాళ్లకు తగులుతోందని. ఇంకో యాభై ఐదు నిమిషాల్లో ఈ చక్రం పాటను కదిలించకపోతే ఈ బల్ల వెనక కుర్చీ నాది కాదు. ఇంతకంటే పెద్ద విషయాలు లోకంలో చాలా ఉన్నాయని నాకు తెలుసు, కానీ ఈ పూట నాకు ఇదే పెద్దది.

పాట జరపడం కూడా ఒక పనేనా అని మా కంపెనీలో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. గోడ మీద పాట వెలుగుతుంటుంది, పుస్తకం తెచ్చుకోనివాళ్లూ కళ్లజోడు మరిచిపోయినవాళ్లూ దాన్ని చూసి పాడతారు, పాడిన వరుస పైకి పోవాలి, పాడబోయే వరుస కింద నుంచి రావాలి, ఒక్క టిక్కుకు ఒక్క వరుస. తొందరపడితే జనం తడబడతారు, ఆలస్యమైతే నోళ్లు తెరుచుకుని గోడ వైపు చూస్తారు. ఊపిరి పట్టుకుని ఉండాలి. మందుల కంపెనీలో నా పని కూడా అదే, లేబుల్ సెక్షన్‌లో బెల్టు మీద సీసాలు పోతుంటే వంకరగా అంటుకున్నదాన్ని, అక్షరం చెరిగినదాన్ని వేలితో పక్కకు తొయ్యడం, రోజుకు ఎనిమిది గంటలు, కదిలేదాన్ని చూడటంలో నాకు పదకొండేళ్ల అనుభవం. మూడు వందల పన్నెండు పాటలు నేనే టైపు చేశాను, ఒకే పొడుగాటి ఫైలు, పుస్తకంలో ఉన్నట్టు కాదు, మా సంఘం పాడేటట్టు. పుస్తకంలో రెండుసార్లు అని ఉన్నచోట మా సాలమ్మ మూడుసార్లు పాడుతుంది, కాబట్టి మూడుసార్లే టైపు చేశాను. పాట ఎత్తేది సాలమ్మ. కీసర దిక్కు మనిషి, రామంతాపూర్‌లో ఉంటుంది, డెబ్భై దాటాయి, అక్షరం ముక్క రాదు, పాటలన్నీ నోటికే వచ్చు. ముందు వరుసలో గోడ పక్కన కూర్చుంటుంది, ఆమె గొంతు పట్టుకునే అందరూ పాడతారు, నేను ఆమె భుజాలు చూసి చక్రం తిప్పుతాను. వరుస అయిపోయిందంటే ఆమె భుజాలు కాస్త కిందికి దిగుతాయి. అప్పుడు టిక్కు. ఈ సంగతి ఎనిమిదేళ్లలో ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరైనా అడగాలి కదా.

పోయిన వారం లాప్‌టాప్ పూర్తిగా మొండికేసింది. అందులో ఉన్న సిస్టమ్‌కు వయసైపోయిందట, వైరస్సులు కాపురం పెట్టాయట, క్రిస్టోఫర్ దాన్ని తీసుకెళ్లి, పాటలూ రికార్డింగులూ తీసి పెట్టి, మిగతాదంతా తుడిచేసి, లినక్స్ ఎక్కించుకొచ్చాడు. కొనక్కర్లేనిది, ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి అందరికీ వదిలేసిందట, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చట. ఆ చివరి మాట నాకు నచ్చింది, మన ఇళ్లలో అట్లాంటి వస్తువు ఒక్కటీ ఉండదు. క్రిస్టోఫర్ మంచి పిల్లవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, యూత్‌కు లీడరు, ఆదివారం కుర్చీలు కూడా తనే మోస్తాడు. గురువారం ఫోన్ చేశాడు. "అక్కా, గీ సిస్టమ్ల వీల్ పంజెయ్యదక్కా. ఫికర్ జెయ్యకు, ఆటో స్క్రోల్ పెట్టిన. స్పీడ్ సెట్ జేస్తే పాట దానంతట అదే పోతది. నువ్వు గూడ మంచిగ అందర్తోని కూసోని పాడుకోవచ్చు ఇగ." నేను ఏమన్నాను? "మంచిదే తమ్మీ" అన్నాను. అని ఫోన్ పెట్టేసి, స్టవ్ మీద పాలు పొంగి పొర్లుతుంటే చూస్తూ నిలబడ్డాను. అందరితో కూర్చోవడం. ఎంత తేలిగ్గా అన్నాడు! ఏ అందరితో?

ఈ హాల్లో ఎడమ వైపు ఆడవాళ్ల చాపలు, కుడి వైపు మగవాళ్లవి, చాపల మీద పేర్లు రాసి ఉండవు కానీ పేర్లున్నాయి. రెండో చాప రైల్వే వాళ్లది, అత్తా కోడళ్లూ ఆడబిడ్డా. మూడోది టీచరమ్మ, ఆమె చెల్లెళ్లు. స్తంభం పక్కది పాస్టరమ్మది. ఎక్కడికి వెళ్లినా జరిగి చోటిస్తారు, చోటివ్వరని కాదు, జరుగుతారు చూడండి, ఆ జరగడమే నేను భరించలేను. నా భర్త జీవన్ ఉన్నప్పుడు నాకూ ఒక చాప ఉండేది, నేను ఆడవాళ్ల వైపు చివర, అతను మగవాళ్ల వైపు చివర, మధ్యలో నడవ దారి. తబలా అతనే వాయించేవాడు. తొమ్మిదేళ్ల కింద ఒక సోమవారం డ్యూటీకి వెళ్లినవాడు నాగోల్‌లో ఇంకో ఇంట్లో తేలాడు. చనిపోయినా బాగుండేదని ఒక్కోసారి అనిపించింది నాకు, అనిపించింది అని ఒప్పుకుంటున్నాను, చనిపోయిన భర్తకు ఆదరణ కూడిక ఉంటుంది, వెళ్లిపోయిన భర్తకు ఏముంటుంది? ప్రార్థన మనవి ఉంటుంది. మా సంఘంలో ప్రతి ఆదివారం వాక్యానికి ముందు మనవులు చదువుతారు, జ్వరాలు, ఉద్యోగాలు, పరీక్షలు, వీసాలు, వాటి మధ్యలో, "మన సహోదరి దోర్కా భర్త మనసు మారి ఇంటికి తిరిగి వచ్చులాగున." ఎవరు రాసిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను అడగలేదు. ప్రేమతోనే ఇచ్చి ఉంటారు. ప్రతి ఆదివారం ఆ మాట చదవగానే హాల్లో తలలన్నీ ఇంత, ఒక వేలెడంత, నా వైపు తిరిగేవి. అప్పుడే ప్రొజెక్టర్ వచ్చింది, వెనక బల్ల వేశారు, దాన్ని ఎవరు చూస్తారని పాస్టరు దేవానందం గారు అడిగితే నన్ను పేరు పెట్టి అడగకముందే లేచి నిలబడ్డాను. బల్ల వెనక కూర్చుంటే అందరి వీపులే కనబడతాయి. వీపులకు కళ్లుండవు.

రెండేళ్లు చదివారు. ఒక ఆదివారం చదవలేదు. పాస్టర్ గారు మరిచిపోయారేమో అనుకున్నాను. పై ఆదివారం కూడా లేదు. ఆ పైది కూడా. చదువుతున్నంత కాలం సిగ్గుతో చచ్చిపోయినదాన్ని, ఆపేశాక నాలుగు వారాలు ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. అంటే ఇంక రాడని వీళ్లందరూ తేల్చేసుకున్నారు, నాకు ఒక్క మాట చెప్పకుండా తేల్చేసుకున్నారు. ఇప్పటికీ మెట్రోలో "తర్వాతి స్టేషన్ నాగోల్" అని వినబడితే దిగిపోయే తొందర పడతాను, ఉప్పల్‌లో దిగేదాన్ని ఎలాగూ అక్కడే దిగాలి, అయినా ఎవరో తోసినట్టు దిగుతాను. ఆ లైనుకు నాగోలే ఆఖరు, దాని తర్వాత బండి వెనక్కి రావలసిందే. అతను రాలేదు. సరే, అది పాత కథ, నాకే విసుగు పుట్టింది. నాలుగుంపావు అయింది. చక్రం.

క్రిస్టోఫర్ మాట నేను నమ్మకపోవడానికి కారణముంది. మా లేబుల్ సెక్షన్ కంప్యూటర్‌లో కూడా ఉన్నది ఇదే లినక్స్, దాని చక్రం శుభ్రంగా తిరుగుతుంది. నిన్న మెయింటెనెన్స్ ఇంజనీరు హృషికేశ్‌ను అడిగాను. రాజమండ్రి పిల్లవాడు, అందరినీ అండీ అంటాడు. "ఎందుకండీ మేడమ్, ఇంట్లో కంప్యూటర్ కొన్నారా?" అన్నాడు. చర్చిలో అన్నాను. అప్పుడు ఒక పాడైన లేబుల్ వెనక రాసిస్తూ చెప్పాడు. "మెషీన్‌కి చక్రం అంటూ ఏమీ తెలియదండీ. మీరు పైకి ఒక్క గాటు తిప్పితే నాలుగో బటన్ నొక్కారనుకుంటుంది. కిందికి తిప్పితే ఐదో బటన్. అంతేనండీ దాని లెక్క. ఆ నాలుగూ ఐదూ దానికి అందుతున్నాయో లేదో చూడండి చాలు." అది విన్నప్పటి నుంచి నా తలలో అదే తిరుగుతోంది. నేను ఎనిమిదేళ్లుగా తిప్పుతున్నాననుకున్నాను. కాదట, నొక్కుతున్నానట, ఐదు, ఐదు, ఐదు, ఐదు. ఆదివారానికి ఆరు పాటలు, ఎన్ని ఐదులు!

లేబుల్ మీద నాలుగు మెట్లు రాశాడు. మొదటిది బ్యాటరీ మార్చడం, లాప్‌టాప్ వెనకాల గుచ్చిన చిన్న ముక్కను పీకి మళ్లీ గుచ్చడం. గోడ గడియారంలో బ్యాటరీ పీకి ఇందులో వేశాను, దేవుని మందిరంలో చిన్న దొంగతనం, గడియారం నాలుగూ ఇరవై దగ్గర ఆగింది, చక్రం మాత్రం కదల్లేదు. రెండోది టెర్మినల్ అనే నల్లటి కిటికీ తెరిచి, కంప్యూటర్‌కు తగిలించిన వస్తువుల జాబితా అడగడం. తెరిచాను. ఏ బొమ్మా లేదు, ఏ రంగూ లేదు, ఒక తెల్లటి గీత మినుకుమంటూ నేను ఏమంటానా అని చూస్తోంది. నా కోసం ఎవరైనా ఇంత ఓపిగ్గా ఎదురుచూసి ఎన్నాళ్లయిందో. హృషికేశ్ రాసినట్టే ఒక్కో అక్షరం కొట్టాను, మధ్యలో ఖాళీ వదలడం మరిచిపోతే అలాంటి మాట తనకు తెలియదంది, కోప్పడలేదు, మళ్లీ గీత మినుకుమంది. ఈసారి జాబితా వచ్చింది. కీబోర్డు, కెమెరా, మౌస్, మౌస్ నంబరు పదకొండు. మూడో మెట్టు, ఆ పదకొండో నంబరు బటన్ల పట్టీ చూపించమనడం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు అని వరుసగా రావాలని రాశాడు. తెర మీద వచ్చింది వేరు. ఒకటి, రెండు, మూడు, సున్నా, సున్నా, ఆరు, ఏడు.

సున్నా, సున్నా. నాలుగు ఉండాల్సిన చోట సున్నా, ఐదు ఉండాల్సిన చోట సున్నా. లేబుల్ మీద ఆ పక్కనే హృషికేశ్ రాశాడు, సున్నాలుంటే ఎవరో ఆపేసినట్టు, మళ్లీ నాలుగు, ఐదు పెట్టండి అని. ఎవరో అంటే ఎవరు, దానంతట అదే అయి ఉంటుంది అనుకుంటూ పెట్టాను. చక్రం ఒక్క గాటు తిప్పాను. గోడ మీద పల్లవి పైకి జరిగింది, కింద నుంచి కొత్త వరుస వచ్చి నిలబడింది. ఖాళీ హాల్లో నేను గట్టిగా నవ్వాను. పైకి, కిందికి, పైకి, కిందికి, పసిపిల్లలా ఆడాను, మూడు వందల పన్నెండు పాటలూ ఒక్క ఊపున కిందికి పరిగెత్తించి మళ్లీ వెనక్కి తెచ్చాను. ఎంత సంతోషం వేసిందంటే చెప్పుకోడానికి ఫోన్ తీశాను, ఫోన్‌లో పేర్లు పైనుంచి కిందిదాకా చూశాను, చూసి మళ్లీ సంచిలో పెట్టేశాను. సరే, నాలుగో మెట్టు. ఒకసారి ఆపి మళ్లీ వెలిగించండి అని ఉంది. ఆపి వెలిగించాను. చక్రం చచ్చింది. పట్టీ చూస్తే మళ్లీ సున్నా, సున్నా. అలా అయితే, అని హృషికేశ్ చివర్లో రాశాడు, కంప్యూటర్ లేవగానే దానంతట అది చేసే పనుల జాబితా ఒకటుంటుంది, అందులో ఎవరైనా ఏదైనా పెట్టారేమో చూడండి.

పెట్టారు. చిన్న ఫైలు, రెండే వరుసలు. రెండో వరుస నేను ఇప్పుడే నేర్చుకున్న ఆజ్ఞ, కాకపోతే సున్నాలతో. మొదటి వరుస కంప్యూటర్ చదవనిది, మనుషుల కోసం రాసుకునేది, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే. "వీల్ ఆఫ్ చేసిన. పాటలు మస్తు లేట్ అయితున్నయ్. ఎవ్వరు మార్చొద్దు. అక్కకు జెప్పొద్దు, బాధ పడ్తది." మూడుసార్లు చదివాను. ఎవరైనా విప్పి చూసుకోవచ్చని తనే చెప్పాడు, అక్క విప్పి చూస్తుందని మాత్రం అనుకోలేదు. వీల్ పనిచెయ్యదని అబద్ధం చెప్పాడు, చర్చి పిల్లవాడు, నా చేతి టీ ఎన్నిసార్లు తాగాడు! మళ్లీ అంతే. మనవి పెట్టినప్పుడూ నన్ను అడగలేదు, తీసేసినప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. ఈ సంఘంలో నా గురించి అందరికీ తెలుస్తుంది, నాకు తప్ప. కళ్లు మండాయి, కారం ఘాటు అనుకుందామంటే గిర్నీ ఎప్పుడో ఆగిపోయింది.

కోపంతో పాత రికార్డింగులు తెరిచాను. ప్రతి ఆదివారం పాటలు రికార్డు చేసి దాచిపెడతాడు క్రిస్టోఫర్, ఏడాదికొక ఫోల్డరులో. పాటలు లేటవుతున్నాయని వాడు రాసింది కూడా అబద్ధమేనని రుజువు చేద్దామనుకున్నాను. ఎప్పుడూ పాడే ఒక స్తుతి పాట, ఎనిమిదేళ్ల కిందటిది, ఆరు నిమిషాలు. ఐదేళ్ల కిందటిది, ఏడున్నర. పోయిన ఏడాదిది, పది. పోయిన నెలది, పదకొండు నిమిషాల నలభై సెకండ్లు. అదే పాట, అవే వరుసలు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, ప్రతి వరుస చివర సాలమ్మ గొంతు లాగుతుంది, లాగుతుంది, జనం ఆమె వెంట లాగుతారు, ఎవరో పిల్లవాడు ఆవులిస్తాడు, తర్వాత టిక్కు, నా టిక్కు, రికార్డింగులో వినబడుతోంది. ముసలావిడకు ఊపిరి ఆడటం లేదు పాపం, నేను ఆమె కోసం ఆగుతున్నాను, అంతే కదా. అయినా క్రిస్టోఫర్ అబద్ధం ఆడాడు కానీ తప్పు రాయలేదు. రాత్రి డ్యూటీలకు పోవాల్సినవాళ్లు ఆఖరి పాటకు లేచి వెళ్లిపోతుండటం నేనూ చూశాను, వీపులే కదా నాకు కనబడేది, లేచిన వీపులూ కనబడ్డాయి. ఇంక వాదించడానికేముంది? కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను, లాప్‌టాప్ పక్కన, క్రిస్టోఫర్ రాగానే కనబడేటట్టు. ఇనుప తాళంచెవి అంత చిన్నదని ఇవాళే చూశాను. ఇవాళ్టి నుంచి ఏ చాప దగ్గర నిలబడి, ఎవరిని జరగమనాలో ఆలోచించడం మొదలుపెట్టాను, స్తంభం దగ్గర ఆగిపోయాను.

చెప్పుల చప్పుడు. సాలమ్మ. ఎప్పుడూ అందరికంటే ముందొస్తుంది, చేతిలో గుడ్డ సంచి, అందులో తాను చదవలేని పాటల పుస్తకం. "వందనాలు బిడ్డా. ఏంది, గడియారం ఆగింది?" అంటూ వచ్చి తన చోట్లో, గోడ పక్కన, కూలబడింది. వందనాలన్నాను. నా గొంతు తేడాగా ఉందని ఆమెకు తెలిసింది, గొంతుల మనిషి కదా. "ఏమైందే?" అంది. ఇవాళ్టి నుంచి నేను తిప్పను అమ్మా, మిషిన్ దానంతట అదే జరుపుతుంది అని చెప్పాను. ఆమె వెనక్కి తిరిగింది, ఎనిమిదేళ్లలో ఆ ముఖం ఈ బల్ల వైపు తిరగడం చూడలేదు నేను. "గట్లెట్ల? మరి నాకు దగ్గొస్తే మిషిన్ ఆగుతదా?" అంది. ఆగదన్నాను. "పాటలు మస్తు సేపైతున్నయని పిల్లలు గులుగుతున్రమ్మా," అన్నాను, ఆమె ఊపిరి మాట ఎత్తకుండా. ఎత్తలేదు కానీ ఆమె వినేసింది. "అవును మల్ల. నువ్వు జరుపనే జరుపవు గద. నేను సూస్త, సూస్త, ఇంక గీత కదల్దాయె. నాకు అచ్చరం రాదు గని గీత కదులుడు కనవడ్తది. నువ్వు జరుపక ముందే నేను అందుకుంటె సదివేటోళ్లు ఆగమైతరని, గట్లనే లాగుకుంట కూసుంట. నా ఊపిరి పోతది ఒక్కోసారి."

"నేను నీ కోసం ఆగుతున్నానమ్మా. నువ్వు అయిందనే దాకా," అన్నాను. "అగ్గో! నేను నీకోసం ఆగుతున్న," అంది సాలమ్మ. ఆమె భుజాలు దిగాలని నేను, నా గీత కదలాలని ఆమె. ఒకరి కోసం ఒకరం ఆగి, ఆగి, ఆరు నిమిషాల పాటను పదకొండు నిమిషాలు చేశాం. సంఘం మొత్తం మా ఇద్దరి మర్యాద మధ్యలో నోళ్లు తెరుచుకుని నిలబడింది ఇన్నేళ్లూ. క్రిస్టోఫర్ పాటల నిడివి కొలిచాడు కానీ మమ్మల్నెవరినీ ఒక్క మాట అడగలేదు, అడిగితే అర నిమిషంలో తేలేది. అతన్ని అని ఏం లాభం? నేనైనా ఏ రోజు లేచి, నాలుగు చాపలు దాటి ముందుకొచ్చి, అమ్మా ఎందుకంత లాగుతున్నావని అడిగాను? నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపూ వచ్చింది, సాలమ్మ మాత్రం నవ్వే నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు తగ్గేదాకా నేను ఆగాను.

వెళ్లి ఆ చిన్న ఫైలు మళ్లీ తెరిచాను. సున్నాల వరుస తీసేశాను. అక్కకు చెప్పొద్దన్న వరుస తీయలేదు, దాని కింద నేనూ ఒకటి రాశాను, మనుషుల కోసమే. "అక్కకు తెలిసింది. బాధపడలేదు, కొంచెమే." ఆపి వెలిగించాను. పట్టీలో నాలుగు నాలుగులా, ఐదు ఐదులా ఉన్నాయి. చక్రం తిప్పితే పాట జరిగింది. ఐదుకు పది నిమిషాలుంది, రైల్వే అత్తాకోడళ్లు గేటు దగ్గర చెప్పులు విప్పుతూ మాట్లాడుకుంటున్న గొంతులు వినబడుతున్నాయి, నేను కుర్చీలో సర్దుకున్నాను. సాలమ్మ ఇంకా వెనక్కే తిరిగి చూస్తోంది. "గా బల్లెనకాల ఏం జేస్తవే ఒక్కదానివి? గాడికెల్లి నా మొఖం గూడ కనవడదు నీకు. దానికి తీగ గూడ లేకపాయె. పట్టుకొని ఈడికి రా," అంది.

దానికి తీగ లేదు. క్రిస్మస్ నుంచి తీగ లేదు. ఎనిమిది నెలలుగా తీగలేని మౌస్‌ను పట్టుకుని, కట్టేసినట్టు ఈ బల్ల వెనకే కూర్చున్నాను, లేచి నడిచి వెళ్లొచ్చని తట్టనే లేదు. మౌస్ తీసుకుని లేచాను. చాపల మధ్య నడవ దారి అంత పొడుగుందని అనుకోలేదు, పన్నెండు అడుగులు, లోపలికి వస్తున్నవాళ్లెవరూ తలలు తిప్పలేదు, తిప్పినా నేను చూడలేదు. సాలమ్మ జరగలేదు. ఆమె పక్కన ఎప్పటి నుంచో ఒక మనిషి పట్టేంత చోటు ఉంది, అందులో కూర్చున్నాను. పాటల పుస్తకం తీసి నా ఒడిలో పెట్టింది, దాని అట్ట మీద మౌస్ పెట్టి చూస్తే ఇక్కడి నుంచీ అందుతోంది. ఆమె ఒంటి నుంచి వక్క వాసన, జండూబామ్ వాసన. ఈ వైపు నుంచి వెనక్కి తిరిగి చూస్తే హాలు వేరుగా ఉంది, మనుషులు ముఖాలతో వస్తున్నారు. క్రిస్టోఫర్ గిటార్ భుజాన వేసుకుని వచ్చి, మొదట వెనక బల్ల వైపు చూసి, తాళంచెవి చూసి, గోడ చూసి, తర్వాత నన్ను చూశాడు. నేను చక్రం మీద వేలు ఎత్తి చూపించాను. తల వంచుకుని శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టాడు. అతనితో మాట్లాడాలి, కానీ కూడిక అయ్యాక, టీ దగ్గర, అడిగి మరీ మాట్లాడాలి.

పాస్టర్ గారు లేచి మొదటి పాట నంబరు చెప్పారు. హాలు లేచి నిలబడింది, మేమూ లేచాం, పుస్తకం నా ఎడమ చేతి మీద, దాని మీద మౌస్. సాలమ్మ పల్లవి ఎత్తుకుంది. మొదటి వరుస చివరకు రాగానే అలవాటు చొప్పున లాగింది, గోడ వైపు చూస్తూ ఊపిరి బిగబట్టింది, ఆమె మోచెయ్యి నా మోచేతికి ఆనింది. నా వేలు కూడా అలవాటు చొప్పున ఆమె భుజాల కోసం ఆగింది. ఒక్క క్షణం ఇద్దరం అక్కడే ఉన్నాం. తర్వాత, ఆమె భుజాలు దిగకముందే, నేను ముందుగా చక్రం తిప్పాను, రెండో వరుస ఆమెకంటే ముందు నా గొంతులో మొదలైంది, బొంగురుగా, శ్రుతి తప్పి, ఎనిమిదేళ్ల తర్వాత.